ఒక్క మనిషికి నాలుగు పుట్టిన తేదీలు: పాలమూరు దళిత కుటుంబ చరిత్రల్లో కాలం తేల్చడం ఎట్లా?

దళిత కుటుంబాల చరిత్ర రాద్దామని పాలమూరు పల్లెలకు పోయిన ఎవరికైనా మొదటి రోజే ఎదురయ్యే చిక్కు పుట్టిన తేదీ. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల్లో (2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు అయ్యేదాకా ఈ మూడూ మహబూబ్‌నగర్ జిల్లాలోనివే) ఏ మాలవాడకు, ఏ మాదిగవాడకు పోయినా అరవై ఏళ్లు దాటిన మనిషికి ఒక్క పుట్టిన తేదీ ఉండడం అరుదు. ఆధార్ కార్డులో ఒకటి, ఓటరు కార్డులో ఒకటి, ఉపాధి హామీ జాబ్ కార్డులో మరొకటి. ఈ మూడింటితో సంబంధం లేకుండా ఇంట్లో చెప్పుకునేది ఇంకొకటి. తేడా ఏడాదో రెండేళ్లో అయితే ఎవరూ పట్టించుకోరు. ఎనిమిదేళ్లు, పదేళ్లు తేడా వస్తే ఏం చేయాలి? చాలామంది ముద్ర ఉన్న కాగితాన్ని నమ్మి అవ్వ మాటను పక్కకు పెడతారు. కొందరు అన్ని తేదీలనూ కూడి సగటు తీస్తారు. రెండూ తప్పు పద్ధతులే. ఎందుకు తప్పో, వాటికి బదులు ఏం చేయొచ్చో ఇక్కడ చెప్తాను.

ముందు ఒక మాట తేల్చుకోవాలి. "వాళ్లకు తేదీలు ఎక్కడ తెలుస్తయి, చదువు లేకపాయె" అని చదువుకున్నవాళ్లు, కొన్నిసార్లు మన పిల్లలే అంటుంటారు. గద్వాల సంస్థానానికి 'విద్వద్గద్వాల' అని పేరు. వనపర్తి, జటప్రోలు సంస్థానాల్లోనూ పండితులకు సన్మానాలు జరిగేవి. దొర ఇంట్లో బిడ్డ పుడితే తిథి, వారం, నక్షత్రం, గడియలతో సహా జాతకం రాసేవాడు వచ్చేవాడు. కోట బయట డప్పు కొట్టిన మనిషి బిడ్డ కూడా ఏదో ఒక తిథినాడే పుట్టింది. రాసేవాడు వాడలోకి రాలేదు, అంతే. నిజాం కాలంలో ఊరి పుట్టుకల, చావుల లెక్క పోలీసు పటేలు చేతిలో ఉండేది. ఆ కబురు మోసుకుపోయి చెప్పేది చాలా ఊళ్లలో మస్కూరి, తలారి, నీరడి పనులు చేసే మనవాళ్లే. కబురు చెప్పిన నోరు మనది, దస్త్రంలో ఎక్కించిన కలం వాళ్లది. ఎక్కించాలో వద్దో, ఎప్పుడు ఎక్కించాలో కూడా వాళ్ల ఇష్టమే.

జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం 1969లో వచ్చింది. 1970 నుంచి అమలైంది. అయినా మంత్రసాని చేతుల మీద ఇంట్లో పుట్టిన పిల్లల పేర్లు దస్త్రానికి ఎక్కింది తక్కువే. పైగా పాలమూరుకు వలస అనే మరో బాధ ఉంది. నాగార్జునసాగర్ కట్ట మీద, శ్రీశైలం డ్యాం దగ్గర, బొంబాయి, పూనా రోడ్ల మీద మేస్త్రీల వెంట పోయిన ఆడవాళ్లు అక్కడే గుడిసెల్లో ప్రసవించారు. చట్టం ప్రకారం పుట్టుక ఎక్కడ జరిగితే అక్కడే నమోదు కావాలి. కాబట్టి సొంత ఊరి పంచాయతీలో వెతికి "లేదు" అని తిరిగొస్తే అది ఆధారం లేకపోవడం కాదు. వెతికిన చోటు వేరు, పుట్టిన చోటు వేరు.

ఇదంతా ఎందుకు, తాత ఎప్పుడు పుడితే ఏం అనేవాళ్లున్నారు. ఊరి చాకిరీకి బదులుగా సేత్‌సింధీ, నీరడి, బలూతా ఇనాముల పేరుతో మనవాళ్లకు ఇచ్చిన చెక్కలు ఉన్నాయి. 1950 కౌలుదారీ చట్టం కింద తయారైన రక్షిత కౌలుదారుల జాబితాల్లో మన పేర్లూ ఉన్నాయి. భూమి తగాదా వస్తే తెలంగాణలో మొదట తీసేది 1954-55 నాటి ఖాస్రా పహాణీ. అందులో సాగుదారుగా తాత పేరు ఉందనుకోండి. ఆయన ఆధార్ కార్డులో 1950 అని ఉంటే అవతలివాళ్ల వకీలు ఏమంటాడు? "నాలుగేళ్ల పిల్లగాడు సాగు చేసిండా? ఇది వేరే మనిషి పేరు" అంటాడు. కంప్యూటర్ ముందు కూర్చున్న ఎవరో పిల్లవాడు ఒక్క నిమిషంలో కొట్టిన అంకె మూడు తరాల భూమికి అడ్డం పడుతుంది. పింఛను సంగతి సరేసరి. 2014లో ఆసరా మొదలైనప్పుడు వృద్ధాప్య పింఛనుకు 65 ఏళ్లు అన్నారు, 2021లో దాన్ని 57కు తగ్గించారు. కార్డులో అంకె తప్పితే ఆ ఏళ్లన్నీ ఖాళీ చేతులే. 2025లో బీహార్‌లో ఓటర్ల జాబితా ప్రత్యేక సవరణ చేసినప్పుడు 1987 జులై 1 తర్వాత పుట్టినవాళ్లను తల్లిదండ్రుల్లో ఒకరి కాగితం కూడా అడిగారు, 2004 డిసెంబరు 2 తర్వాత పుట్టినవాళ్లను ఇద్దరివీ అడిగారు. తల్లిదండ్రుల పుట్టుక కూడా పిల్లల మెడకు చుట్టుకునే రోజులివి.

కాగితం ఎవరి నోటి నుంచి పుట్టింది?

ఏ తేదీ కనబడినా మూడు ప్రశ్నలు వేయాలి. ఇది ఎవరు చెప్పారు? పుట్టుక జరిగిన ఎన్నేళ్లకు చెప్పారు? ఏ అవసరం కోసం చెప్పారు? ఈ మూడూ అడిగితే చాలా కాగితాల బలం కరిగిపోతుంది.

జాబ్ కార్డు చూడండి. ఉపాధి హామీ పని మహబూబ్‌నగర్ జిల్లాకు 2006లో మొదటి విడతలోనే వచ్చింది. వయసు ఎక్కువ చెప్తే పని ఇయ్యరేమోనని తక్కువ చెప్పినవాళ్లు ఉన్నారు. పింఛను దరఖాస్తులో అదే మనిషి వయసు పెరుగుతుంది. అబద్ధం అని తొందరపడి అనకండి. వయసు అనే అంకెతో బతుకులో ఎన్నడూ పని పడని మనిషిని సర్కారు అంకె అడిగింది, ఆమె ఆ రోజుకు పనికొచ్చే అంకె ఇచ్చింది. ఇక ఆధార్ సంగతి. పుట్టిన తేదీకి కాగితం లేనివాళ్లు చెప్పిన వయసును బట్టి సంవత్సరం లెక్కగట్టి రాశారు. తర్వాత ఇంకో దరఖాస్తులో పూర్తి తేదీ అడిగితే ఆ సంవత్సరానికి జనవరి 1 తగిలించారు. అందుకే మన వాడల్లో సగం మంది కొత్త సంవత్సరం నాడే పుట్టినట్టు కనిపిస్తారు.

అంకెల చివర కూడా చూడాలి. ఓటర్ల జాబితాల్లో వయసులు 30, 35, 40, 45 దగ్గర కుప్ప పడతాయి. జనగణనలో కూడా ఇదే జరుగుతుందని జనాభా శాస్త్రం చదివినవాళ్లకు తెలుసు. సున్నతోనో అయిదుతోనో ముగిసే వయసు కనిపిస్తే దాన్ని అంచనాగానే తీసుకోవాలి. 41 అనో 37 అనో ఉంటే దాని వెనుక ఎవరో లెక్క వేసినట్టు. ఓటర్ల జాబితాలో ఇంకో ఉపయోగం ఉంది. 1989కి ముందు ఓటు వయసు 21, ఆ ఏడాది నుంచి 18. ఒక మనిషి పేరు మొదటిసారి ఏ జాబితాలో కనిపించిందో చూస్తే "దీని తర్వాత పుట్టి ఉండడు" అనే హద్దు దొరుకుతుంది. ఆ హద్దు కూడా మొత్తానికి గట్టిది కాదు. ఊరి పెద్దమనిషి ఓట్ల కోసం పిల్లల పేర్లు రాయించిన ఊళ్లు లేకపోలేదు.

అన్నింటికంటే ఎక్కువ మోసం చేసేది బడి తేదీ. మా ఇంట్ల పదో తరగతి గడప దాటిన మొదటోన్ని నేనే. నా మెమోలో జూన్ 1 అని ఉంది. "శ్రావణంల వాన ఇడువకుండ కొడుతుంటె పుట్టినవ్ రా" అంటది మా అమ్మ. జూన్‌లో బడి తెరుస్తారు, అయిదేళ్లు నిండాలి కాబట్టి సారు ఆ రోజుకు సరిగ్గా అయిదేళ్లు నింపేశాడు. నాలాంటివాళ్లు ప్రతి హాస్టల్లో పదిమంది ఉంటారు. ఇందులో గమనించాల్సిన అసలు సంగతి వేరే. బడి రిజిస్టరు నుంచి ఎస్సెస్సీ మెమో, మెమో నుంచి సర్వీసు పుస్తకం, దాని నుంచి పాన్ కార్డు, పాస్‌పోర్టు వస్తాయి. అయిదు కాగితాలు ఒకే తేదీ చెప్తున్నాయి కాబట్టి అది నిజం అంటారు. అయిదూ ఒకే సారు రాసిన ఒకే అంకెకు నకళ్లు. సాక్షి ఒక్కడే. అమ్మ చెప్పిన శ్రావణం ఇంకో సాక్షి. లెక్క అయిదుకు ఒకటి కాదు, ఒకటికి ఒకటి. అందులో అమ్మ పుట్టుక జరిగిన చోట ఉన్న మనిషి, సారు లేడు.

కోర్టుల దారి వేరు. సుప్రీంకోర్టు 2024 అక్టోబరులో ఒక మోటారు ప్రమాదం కేసులో ఆధార్ పుట్టిన తేదీకి రుజువు కాదని, బడి సర్టిఫికెట్‌లోని తేదీనే తీసుకోవాలని చెప్పింది. నష్టపరిహారం తేల్చడానికి ఏదో ఒక అంకె కావాలి, అందుకు అది సరిపోతుంది. కుటుంబ చరిత్రకు ఆ తొందర లేదు. అట్లాగే చరిత్రకారుడు తేల్చిన తేదీని పట్టుకుని ఉద్యోగంలో ఉన్నవాళ్లు సర్వీసు పుస్తకం దిద్దించుకోబోతే చిక్కుల్లో పడతారు. ఆ రెండింటినీ కలపకూడదు.

ఎన్ని పంచాంగాలు, ఎన్ని లెక్కలు

తేదీలు కొట్టుకోవడానికి ఇంకో కారణం ఈ నేల మీద నడిచిన పంచాంగాలు. నిజాం సర్కారు దస్త్రాల్లో ఫసలీ సంవత్సరం ఉండేది. అది అక్టోబరు మొదటి వారంలో ఆజూర్ నెలతో మొదలయ్యేది. తర్వాత దై, బహమన్, ఇస్ఫందార్ అట్లా పన్నెండు ఇరానీ నెలల పేర్లు వస్తాయి. చాలామంది ఫసలీకి 591 కలిపి ఇంగ్లీషు సంవత్సరం తీస్తారు. జనవరి నుంచి అక్టోబరు మొదటిదాకా అది సరే. అక్టోబరు మొదటి వారం నుంచి డిసెంబరు చివరిదాకా మాత్రం 590 కలపాలి. ఈ ఒక్క సంగతి తెలియక ఏడాది తేడా తెచ్చుకున్న వంశవృక్షాలు కొల్లలు. ఇంకో మెలిక నడిగడ్డ వాళ్లకు ఉంది. తుంగభద్ర దాటితే కర్నూలు, అది మద్రాసు రాష్ట్రం. అక్కడ ఫసలీ జులైలో మొదలయ్యేది. గద్వాల, అలంపురం వాళ్ల వియ్యాలు ఏటికి అవతల కూడా ఉంటాయి కాబట్టి, కాగితం ఏ ఒడ్డున రాశారో చూడకుండా లెక్క కట్టకూడదు. ఉర్దూ దస్త్రం అయితే చుక్కల బాధ ఒకటి. తొందర రాతలో చుక్కలు పోతే మాట మొదట్లోని బ, ప, త, న, య అన్నీ ఒకేలాగా కనిపిస్తాయి. పేరు మారితే మనిషి మారతాడు, మనిషి మారితే తేదీ మారుతుంది.

మన పెద్దలు పుట్టుకను గుర్తు పెట్టుకునే తీరు వేరు. వాళ్లు అంకె చెప్పరు, ఆనవాలు చెప్తారు. 'విరోధి', 'నందన', 'శార్వరి' అని తెలుగు సంవత్సరం పేరు చెప్పగలిగిన ముసలివాళ్లు కొందరున్నారు. అరవై ఏళ్లకు ఒకసారి అదే పేరు తిరిగి వస్తుంది కాబట్టి అందులో పొరపాటుకు చోటు తక్కువ. విరోధి అంటే 1949-50, నందన అంటే 1952-53, శార్వరి అంటే 1960-61. కృష్ణా పుష్కరాలు 1980, 1992, 2004, 2016ల్లో వచ్చాయి. బీచుపల్లి దగ్గర స్నానాలకు పోయిన ఊళ్లలో ఆ గుర్తు గట్టిగా ఉంటుంది. 1979 జులైలో స్కైలాబ్ పడుతుందని, లోకం మునుగుతుందని కోళ్లు, మేకలు కోసుకు తిన్న సంగతి తెలంగాణ పల్లెలు ఇంకా నవ్వుకుంటూ చెప్తాయి. ఆ ఏడు పుట్టినవాళ్లకు స్కైలాబ్ అనే పేరే పెట్టినవాళ్లున్నారు. 1980 ఫిబ్రవరి 16న పట్టపగలు సూర్యునికి గ్రహణం పట్టి చీకటి పడ్డ రోజు, 1981లో శ్రీశైలం నీళ్లకు కొల్లాపురం, అలంపురం ఊళ్లు ఖాళీ చేయించిన రోజులు, 1972 కరువు, 2009 అక్టోబరు 2 వరద... ఇవన్నీ తేదీ తెలిసిన మేకులు. వాటికి పుట్టుకలను కట్టొచ్చు.

పెద్ద సంఘటనలతో ఒక ప్రమాదం ఉంది. అవి అయస్కాంతం లాంటివి, చుట్టుపక్కల రెండు మూడేళ్ల పుట్టుకలన్నింటినీ తమ వైపు లాక్కుంటాయి. "రజాకార్ల కాలంల పుట్టిన" అని చెప్పే మనుషులందరూ 1948లోనే పుట్టలేదు. అందుకే "అప్పుడు నువ్వు కడుపుల ఉన్నవా, పాలు తాగుతున్నవా, నడుస్తున్నవా, గొడ్లెంట పోతున్నవా?" అని మెట్టు మెట్టుగా అడగాలి. "నీ వయసెంత అవ్వా?" అని అడిగితే ఒక అంకె వస్తుంది, ఆ అంకె ఎందుకూ పనికిరాదు. ఊరి చిన్న సంగతులు ఇంకా నమ్మకం. ఫలానా బాయి తవ్విన ఏడు, చింతచెట్టు కూలిన ఏడు, పటేలు సచ్చిన ఏడు. వాటి తేదీ ఇంకో దారిలో తేల్చుకోవచ్చు.

ఇక పీర్ల పండుగ. పాలమూరులో దళితులు పీర్లు ఎత్తని, అలావా చుట్టూ ఆడని ఊరు అరుదు. మొహర్రం చంద్రమానం ప్రకారం వస్తుంది, ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. అందుకని పరిశోధకులు దాన్ని "తేదీకి పనికిరాదు" అని వదిలేస్తారు. నా అభిప్రాయంలో తేదీకి అంతకంటే పనికొచ్చేది లేదు. పండుగతో పాటు కాలం కూడా చెప్తే చాలు. పీర్ల పండుగ తొలకరి విత్తనాలప్పుడు వచ్చింది అని ఎవరైనా చెప్తే అది 1926-28 ప్రాంతమైనా కావాలి, 1959-61 ప్రాంతమైనా కావాలి, 1991-93 ప్రాంతమైనా కావాలి. మధ్యలో అవకాశం లేదు. పండుగ ఒక్క చుట్టు తిరిగి అదే కాలానికి రావడానికి దాదాపు 33 ఏళ్లు పడుతుంది. ఒక మనిషిని చూస్తే ముప్పై మూడేళ్ల తేడా కళ్లకే తెలుస్తుంది కదా.

ఒక ఉదాహరణ

ఇది ఒక్క మనిషి కథ కాదు. ఊళ్లలో వినే మాటలు, చూసే కాగితాల తీరును బట్టి అల్లిన ఉదాహరణ. నడిగడ్డలో ఒక అవ్వ అనుకుందాం. 2012లో ఆధార్ దిగినప్పుడు 65 ఏళ్లు అన్నది కాబట్టి కార్డులో 1947. ఓటరు కార్డులో 1995 జనవరి 1 నాటికి 42, అంటే 1952. జాబ్ కార్డులో 2006లో 50, అంటే 1956. కొడుకు ఎక్కడో సంపాదించిన పోలీసు పటేలు పుస్తకం నకలులో తండ్రి పేరు, 'ఆడపిల్ల', 1358 ఫసలీ, దై నెల అని ఉంది. బిడ్డ పేరు లేదు. పుట్టిన నాలుగు రోజులకు పేరు ఎక్కడిది? కొడుకు 591 కలిపి 1949 అన్నాడు. మొత్తం నాలుగు తేదీలు.

అవ్వ చెప్పేది ఇట్ల: "మా యమ్మ నన్ను కడుపుల పెట్టుకొని చేండ్లల్ల దాంకున్నదంట, దండు దిగినప్పుడు. పీర్లు బాయిల పడిన మూడో దినం నేను పుట్టిన. తెల్లజొన్న మోకాలెత్తు ఉండె, సలి మొదలు పెట్టింది."

ఒక్కొక్కటే విప్పుదాం. దండు దిగింది అంటే 1948 సెప్టెంబరు 13 నుంచి 17 దాకా జరిగిన పోలీసు చర్య. అప్పటికి ఆమె కడుపులో ఉంది. కాబట్టి 1948 సెప్టెంబరు ముందు పుట్టలేదు, 1949 వానాకాలం దాకా ఆగలేదు. ఇప్పుడు పీర్లు. పండుగ పదో రోజు 1947లో నవంబరు నాలుగో వారంలో, 1948లో నవంబరు 12 ప్రాంతంలో, 1949లో నవంబరు మొదట్లో వచ్చింది. మూడూ చలి మొదలయ్యే కాలమే, మూడింట్లోనూ తెల్లజొన్న చేలో ఉంటుంది. దండు దిగినప్పుడు కడుపులో ఉన్న మాట 1947ను కొట్టేస్తుంది, 1949నూ కొట్టేస్తుంది. ఇక ఓటరు కార్డు చెప్పే 1952లో పండుగ సెప్టెంబరు చివర వచ్చింది, జాబ్ కార్డు చెప్పే 1956లో ఆగస్టులో వచ్చింది. ఆ కాలంలో చలీ లేదు, మోకాలెత్తు తెల్లజొన్నా లేదు. మిగిలింది 1948 నవంబరు మధ్య భాగం. నెలవంక కనబడడాన్ని బట్టి ఒకటి రెండు రోజులు అటూ ఇటూ.

ఇప్పుడు పటేలు పుస్తకం దగ్గరికి పోదాం. దై రెండో నెల, నవంబరు మొదటి వారం నుంచి డిసెంబరు మొదటి వారం దాకా నడుస్తుంది. కాబట్టి 590 కలపాలి: 1948. అవ్వ మాట, పటేలు రాత ఒకదాన్ని చూసి ఇంకొకటి పుట్టినవి కావు. వేరు వేరు దారుల్లో వచ్చి ఒక్క నెలలో కలిశాయి. తెలుగు లెక్కలో అది సర్వధారి సంవత్సరం, కార్తీకం. ముద్ర ఉన్న మూడు కార్డుల్లో ఒక్కటీ నిజం చెప్పలేదు. నోటి మాటే పటేలు దస్త్రాన్ని సరిగా చదవడం నేర్పింది.

అయినా ఒక అనుమానం మిగలాలి. పుస్తకంలో బిడ్డ పేరు లేదు కదా, అది ఈమేనా? అదే తండ్రికి ముందో వెనుకో ఇంకో ఆడపిల్ల పుట్టి చనిపోయిందా? ఇక్కడ తోబుట్టువుల వరుస కావాలి. వరుసలో బతికినవాళ్లనే చెప్తారు, పోయినవాళ్లను కూడా అడగాలి. మెల్లగా అడగాలి, తల్లుల ముందు ఇంకా మెల్లగా. పెంటయ్య, పెంటమ్మ అనే పేర్లు దొరికితే గమనించండి. ముందు పుట్టిన పిల్లలు దక్కకపోతే తర్వాతి బిడ్డను పెంట మీద వేసి తెచ్చుకుని ఆ పేరు పెట్టేవారు. ఆ పేరు ఒక లోటుకు గుర్తు. చనిపోయిన బిడ్డ పేరే తర్వాతి బిడ్డకు పెట్టడమూ ఉంది. అప్పుడు ఒకే తల్లిదండ్రులకు ఒకే పేరుతో రెండు తేదీలు వస్తాయి. రెండూ నిజమే, మనుషులు ఇద్దరు. తాత పేరు మనుమడికి పెట్టే ఆనవాయితీ వల్ల ఖాస్రా పహాణీలో వచ్చే తగాదా కూడా ఇదే రకం. అక్కడ తండ్రి పేరు గడి చూడకుండా ఒక్క అడుగు ముందుకు వేయకూడదు.

వరుస ఇంకో పని కూడా చేస్తుంది. పాలు తాగే బిడ్డ ఉండగా రెండు మూడేళ్ల దాకా తర్వాతి కాన్పు రాకపోవడం మామూలు. బడి రిజిస్టరులో అన్నదమ్ములిద్దరూ అయిదు నెలల తేడాతో పుట్టినట్టు ఉంటే నవ్వకండి. ఇద్దరినీ ఒకే రోజు చేర్పించి ఉంటారు. పెద్దవాడు అప్పటిదాకా గొడ్లు కాసి ఉంటాడు.

మాదిగ కుటుంబాలకు ఇంకో ఆధారం డక్కలివాళ్లు. జాంబపురాణం చెప్పే వీళ్ల నోట గోత్రాలు, వంశాల వరుసలు ఉంటాయి. కిన్నెర మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చాక నాగర్‌కర్నూల్ బయటి జనానికి ఈ కులం ఉందని తెలిసింది. డక్కలి నోట తేదీ దొరకదు. ఎవరి తర్వాత ఎవరు అనేది దొరుకుతుంది, తరం తప్పిన లెక్కలను దిద్దడానికి అది చాలు.

క్రైస్తవ కుటుంబాల విషయంలో ఒక హెచ్చరిక. నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల ప్రాంతాల్లో ఎక్కువగా పని చేసింది అమెరికన్ బాప్టిస్టు, మెన్నొనైట్ బ్రదరెన్ మిషన్లు. ఈ రెండు సంఘాలూ పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వవు. విశ్వాసం ఒప్పుకునే వయసు వచ్చాకే ఇస్తాయి. కాబట్టి సంఘం పుస్తకంలో 1938 బాప్తిస్మం అని ఉంటే ఆ మనిషి అప్పటికి కనీసం పది పన్నెండేళ్లవాడు, ముప్పై ఏళ్లవాడు కూడా కావచ్చు. రోమన్ కాథలిక్ సంఘాల పుస్తకాల్లో పసిబిడ్డల బాప్తిస్మం ఉంటుంది, పుట్టిన తేదీ కూడా పక్కనే రాసే అలవాటుంది. సంఘం ఏదో తెలియకుండా ఆ పుస్తకం వాడుకోవద్దు. బాప్తిస్మంతో పేరు మారడం, కులం గడిలో ఒకచోట 'మాల', ఒకచోట 'ఆది హిందూ', ఒకచోట 'హరిజన', ఒకచోట 'క్రైస్తవ' అని ఉండడం వల్ల ఒక్క మనిషి ముగ్గురిగా కనిపించొచ్చు. 'ఆది హిందూ' అనే మాటకైతే భాగ్యరెడ్డి వర్మ నడిపిన ఉద్యమం ఉంది, 1931 జనగణన ఉంది. ఆ మాట కనిపించిందంటే రాసిన కాలం కూడా సుమారుగా తెలిసినట్టే.

తేల్చినదాన్ని ఎట్లా రాసిపెట్టాలి? తేదీ గడిలో ఒక్క అంకె రాసి మిగతావి చెరిపేయకండి. మన ఉదాహరణను నేనైతే ఇట్లా రాస్తాను: "1948 నవంబరు మధ్య భాగం. ఆధారం: ఆమె మాట (తల్లి చెప్పగా విన్నది), పోలీసు పటేలు నకలు. ఆధార్ 1947, ఓటరు కార్డు 1952, జాబ్ కార్డు 1956: మూడూ ఆమె వేరు వేరు అవసరాలకు చెప్పిన వయసులు." మాట ఎవరు రికార్డు చేశారు, ఏ రోజు, పక్కన ఎవరున్నారు అనేది కూడా రాయాలి. పక్కన కొడుకు ఉంటే అవ్వ కార్డులోని అంకే చెప్తుంది, ఒంటరిగా ఉంటే దండు దిగిన ముచ్చట చెప్తుంది.

అదే ఇంట్లో ఆమె చెల్లెలు ఉందనుకుందాం. "నేను పుట్టినప్పుడు నాయిన సాగరం కట్ట మీద ఉండె" అంటుంది. మేనత్త ఏమో "కాదు, నాయిన ఊర్లనే ఉండె, జీతం ఉండె" అంటుంది. సాగరానికి 1955 డిసెంబరులో పునాది వేశారు, పని 1967 దాకా నడిచింది. పాలమూరు కూలీలు ఏటా పోయి వచ్చేవారు. పీర్ల మాట లేదు, తిథి మాట లేదు, పటేలు పుస్తకంలో ఆ ఏళ్ల పుటలు లేవు. అక్కకు ఎన్ని పండ్లు ఊడినప్పుడు చెల్లెలు పుట్టింది అని అడిగితే "ముంగటి రెండు" అన్నది. అంటే అక్కకు ఆరేడేళ్లు, 1955 మధ్యనుంచి 1956 దాకా. నాయిన సాగరం పోయిన మాట నిజమైతే 1956. మేనత్త మాట నిజమైతే ఆ రెండేళ్లలో ఎప్పుడైనా. ఆమె పేరు పక్కన రెండు మాటలూ, చెప్పినవాళ్ల పేర్లతో సహా రాసి, తేదీ గడి ఖాళీగా వదిలాను.